మూడొందల పన్నెండోది

మిర్చియార్డులో మా నాన్న రోజుల్లో
బేరం తువ్వాలు కింద జరిగేది.
కొనేవాడి వేళ్లూ అమ్మించేవాడి వేళ్లూ
గుడ్డ చాటున ఏవో లెక్కలు నొక్కుకునేవి.
కాయ తెచ్చిన రైతు ఎదురుగా నిలబడి
తువ్వాలు కదలడం మటుకు చూసేవాడు.

ఇప్పుడు ధర బోర్డు మీద పడుతోంది.
తువ్వాలు పోయిందనుకున్నాను.
పోలేదు. రంగేయించుకుని
మెడల మీదికెక్కింది.

నేను కాటా గుమాస్తాని. చీటీలు రాస్తాను.
టిక్కీ ఎంత తూగింది, తరుగెంత, తాలెంత.
అబద్ధాన్ని కూడా గుండ్రటి చేతిరాతలో రాయగలను.
మా డివిజన్ కాలవ సంగతి రాయమంటే మాత్రం
రెండే వాక్యాలు:
ఆళ్లొచ్చినప్పుడు తవ్వారు.
ఈళ్లొచ్చినప్పుడు పూడ్చారు.
తవ్విన కాంట్రాక్టరూ పూడ్చిన కాంట్రాక్టరూ
ఒకే బుల్లెట్టు మీద తిరుగుతాడు.
మా కార్పొరేటరు మధ్యలో ఒకసారి కండువా మార్చాడు.
మెడ అదే.

మాకూ అలవాటైపోయింది.
వీడి మీద ఒళ్లు మండితే వాడికి,
వాడి మీద మండితే మళ్లీ వీడికి.
ఎడమ చెంప వాచాక కుడి చెంప తిప్పడాన్ని
మార్పు అని పిలుచుకున్నాం.

తొడిమలు తీసే సువార్తమ్మ ఒక మధ్యాహ్నం
మండే చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ అడిగింది:
"లింగంగారూ, కుప్పలో తాలుకాయా మచ్చకాయా
రెండే పోసి, మంచిది ఏరమంటే ఎట్టా ఏరతాం?
బస్తా మార్చమంటాం గానీ."

నవ్వాను.
తర్వాత ఆమె నామినేషన్ ఫారం నింపింది నేనే.
ప్రతిపాదించినవాడి సంతకం నాదే.
డిపాజిట్ డబ్బు పది రూపాయల కాగితాల్లో వచ్చింది.
లెక్కపెట్టిన ఆఫీసరు మూడుసార్లు తుమ్మాడు.
గుర్తుకి చాట అడిగాం.
బెలూనిచ్చారు.
పిల్లలు సంబరపడ్డారు.

పదకొండుమంది ఆడవాళ్లు, ఒక అద్దె మైకు, అదీ సగం పూటకి.
చుట్టుగుంట వైపు పోయే లారీల హారన్ల మధ్య
ఆమె ఒక్కటే మాటిచ్చింది:
"కాలవ బిల్లులు తెచ్చి మీ వీధిలో చదివిస్తా.
ఎంతకి తవ్వారో, ఎంతకి పూడ్చారో. అంతే."
ఇంత చిన్న మాట
ఎన్నికల్లో ఎవరైనా అనగా నేను వినలేదు.

పోలింగు ముందు రాత్రి మా ఇంటికి రెండు కవర్లొచ్చాయి.
లోపలి నోట్లే వేరు. కవర్లు ఒకే కొట్లో కొన్నవి.
మా బావమరిది గొంతు తగ్గించి అన్నాడు,
"ఆమె మంచిదే బావా. గెలవదుగా.
వాడు గెలిస్తే మన గతేంటి?"

వాడు గెలిస్తే.
ఈ రెండు మాటల పునాది మీదే కదా
ఇన్నేళ్లు ఇద్దరూ మేడలు లేపింది.

చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.
అట్ట చాటున ముద్ర పట్టుకుని నిలబడ్డాను.
చెయ్యి బెలూను దాకా వెళ్లింది.
వాడు గెలిస్తే?
చెయ్యి పక్కకి జరిగింది.

వాడే గెలిచాడు.
సువార్తమ్మకి మూడొందల పదకొండు.

మర్నాడు ఎప్పట్లానే పట్టా పరుచుకుని కూర్చుంది.
డిపాజిట్ ఊసెత్తలేదు.
"మూడొందల పదకొండు లింగంగారూ!
నా చుట్టాలు కట్టగట్టినా నలభై దాటరు.
మిగతావాళ్లెవరో ఎతుక్కోవాలి" అంది.
పాత చీటీల వెనక
ఇళ్ల నంబర్లు రాయమంది, ఊహించి,
సందు తర్వాత సందు.
ఉప్పు అమ్మే సైదాబీ ఇల్లు. కుట్టుమిషను వాళ్లు.
ఏ జెండా కట్టనివ్వని ఆ పెంకుటిల్లు.
రాస్తూ పోయాను, గుండ్రంగా.

మా ఇంటి దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.
"మీది అడగాలా," అంది,
"మొట్టమొదట మీదే లెక్కేశాగా."

కళ్లు మండాయి.
యార్డులో ఎందుకని ఎవరూ అడగరు.