రొట్టెకు లెక్కలేదు

హల్ ఊళ్ళో, రేవు వెనక చర్చి హాల్లో
మంగళవారం సాయంత్రాల ఇంగ్లీషు క్లాసు.
ఆక్స్‌టబీ టీచరమ్మ బోర్డు మీద నిలువుగీత గీసింది:
ఇటు లెక్కకొచ్చేవి, అటు రానివి.

కుర్చీ ఇటు. ఒక ఎస్ తగిలిస్తే కుర్చీలు.
అవే కుర్చీలు ఫర్నిచర్ అయితే అటు.
గొర్రె ఒకటైనా మందైనా షీపే,
దానికి ఎస్ కూడా దండగన్నట్టు.

"బ్రెడ్ అటు," అందామె.

సఖీదాద్ చెయ్యెత్తాడు.
హెరాత్‌లో ఇరవై రెండేళ్ళు తందూరు ముందు కూర్చుని
మోచేతుల దాకా వెంట్రుకలు కాల్చుకున్నవాడు.
"నేను లెక్కపెట్టాను మేడమ్.
తెల్లారేసరికి తొమ్మిది వందలు.
అరువు రొట్టెలకు గోడ మీద బొగ్గుగీతలు."

"లోఫ్ అను, లెక్కకొస్తుంది. స్లైస్ అను."
"కోస్తేనే లెక్కా?"
ఆవిడ నవ్వబోయి ఆగింది.

మనీ అటే. లగేజ్ అటే;
అతనిది ఒక్క సంచీ.
న్యూస్ చివర ఎస్ ఉంది గానీ ఏకవచనమేనట,
ఎన్ని వచ్చినా.
ఆ మాట అతను రెండుసార్లు రాసుకున్నాడు.

నా భాషలో గుక్కెడు నీళ్ళు కూడా బహువచనమే.
చెబుదామనుకున్నాను. గంట అయిపోయింది.

మరుసటి మంగళవారం
గుడ్డలో చుట్టి తెచ్చాడు, ఇంకా వేడి.
బల్ల మీద ఒక్కొక్కటే తీసి పెడుతూ
ఇంగ్లీషులో, తప్పుగా, గట్టిగా:
వన్ బ్రెడ్.
టూ బ్రెడ్స్.

"త్రీ," అందామె, నోట్లో ముక్కతో,
ఆ ఎస్ జోలికి పోకుండా.