శుక్రవారం ఆపిన కవరు

పన్నుల ఆఫీసు ఉత్తరాలు ఈ దేశంలో నీలం కవర్లలో వస్తాయి.
రాటర్‌డామ్‌లో పదహారేళ్లుగా టపా పంచుతున్నాను,
చేత్తో పట్టుకుంటే చాలు
లోపల ఇవ్వడముందో గుంజుకోవడముందో చెప్పేస్తాను.
ఇచ్చేది పల్చన. ఒక్క కాగితం.
గుంజుకునేది మందం:
సెక్షన్లు, వాయిదాల పట్టిక,
డబ్బు ఏ ఖాతాలో కట్టాలో దాంతో సహా.

డెల్ఫ్స్‌హావెన్‌లో కాలవ పక్క ఇల్లు,
రెండో అంతస్తు జుల్మీరాది.
ఓడ కళాసీ తండ్రి వెంట కేప్ వెర్డె నుంచి వచ్చినప్పుడు పదేళ్లు.
ముప్ఫై ఏళ్లయినా
ఎక్కడినుంచి వచ్చావని అడుగుతూనే ఉన్నారు.
తెల్లారకముందే లేచి బ్యాంకు ఆఫీసులు తుడుస్తుంది.
ఆ గంటల్లో పాప ఇవాండ్రాని చూసే చోటుకి
సర్కారు కొంత, తను కొంత.
మూడో అంతస్తు యాన్నెకె కొడుకూ అక్కడే.

ఒకే ఫారం.
ఇద్దరూ నాలుగో పేజీలో సంతకం మర్చిపోయారు.
యాన్నెకె ఫోన్ చేస్తే
"పొరపాటే కదమ్మా, ఆ పేజీ మళ్లీ పంపండి" అన్నారట.
జుల్మీరా ఫోన్ చేస్తే
ఇంటిపేరు అక్షరం అక్షరం చెప్పమన్నారు.
పుట్టిన ఊరు చెప్పమన్నారు.
రెండో పాస్‌పోర్టు ఉందా అన్నారు.
తర్వాత లైన్లో సంగీతం.
చాలాసేపు సంగీతం.

ఆ శుక్రవారం నా సంచిలో ఆమె పేరున కవరు.
వేళ్లకి తగలగానే తెలిసింది.
మెట్ల మీదే ఆగిపోయాను.
తలుపు వెనక ఎవరో బెలూన్లు ఊదుతున్నారు,
మొక్కజొన్నా చిక్కుడుగింజలూ కలిపి ఉడుకుతున్న వాసన.
రేపు ఇవాండ్రాకి ఆరేళ్లు.
వారం నుంచీ కనపడినప్పుడల్లా నాకు లెక్క చూపిస్తోంది,
ఒక చెయ్యి మొత్తం, రెండో చేతి బొటనవేలు.

సోమవారం ఇద్దాంలే అనుకున్నాను.
పిడుగుని మూడు రోజులు సంచిలో దాచగలిగితే
అదీ ఒక ఉపకారమే అనుకున్నాను.

సోమవారం ఇచ్చాను.
ముప్ఫై నాలుగు వేల యూరోలు.
అయిదేళ్లలో ఇచ్చిందంతా వెనక్కి కట్టమని.
అభ్యంతరముంటే ఆరు వారాల్లో రాయమని.

లైబ్రరీలో ఉచితంగా కాగితాలు చూసే లాయరమ్మ
ఒకప్పుడు రోజూ కూర్చునేది.
నిధులు తగ్గించాక మంగళవారం ఒక్కటే.
మంగళవారం టోకెన్లు ఇరవై.
జుల్మీరా ఇరవై మూడో మనిషి, ఒకసారి.
ఇంకోసారి పని మానుకోలేకపోయింది.
చివరికి దొరికిన మంగళవారం
ఆమె వేళ్ల మీద లెక్కేసి చూపించింది, ఇంకా రెండు రోజులుంది అని,
ఉత్తరం చేతికందిన సోమవారం నుంచి.

వాళ్లు లెక్కేసింది కవరు మీద తేదీ నుంచి.

ఒక్క రోజు ఆలస్యం. అంతే రాశారు.
ఆ జవాబు పల్చగా ఉంది.
పదహారేళ్లలో మొదటిసారి నా వేళ్లు అబద్ధం చెప్పాయి.

తర్వాత ఆ ఇల్లు నాకు తలుపులోని చీలికలోంచే తెలుసు.
ముందు నడవాలోంచి చిన్న సైకిలు పోయింది.
తర్వాత బట్టలుతికే యంత్రం,
దాని అడుగున్న చోట తెల్లని చదరం మిగిలింది.
శనివారాల వాసన పోయింది.
యాన్నెకె మెట్లు దిగుతూ తల వంచుకుని,
కొంచెం వేగంగా.

ఒకరోజు జుల్మీరా నన్ను లోపలికి పిలిచి
పాలు లేని కాఫీ ఇచ్చింది.
"నువ్వు మోసుకొచ్చేవాడివే కదా, రాసేవాడివి కాదుగా" అంది.
చెబుదామని నోరు తెరిచాను.
కాఫీ వేడిగా ఉందన్నాను.

ఇప్పుడు తలుపు తీసేది ఇవాండ్రా.
ఏడేళ్లు వచ్చాయి. వేళ్లు చూపించలేదు.
నీలం కవరు నా చేతిలోంచి తనే తీసుకుంటుంది,
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా నొక్కి చూస్తుంది,
ఆ తర్వాతే అమ్మని పిలవాలో వద్దో.

ఆ విద్య నేను నేర్పలేదు.