గడియ

వడ్రంగి యాదయ్య ఎందుకని అడగలేదు.
బాత్రూమ్ తలుపుకు గడియ విప్పి
నాలుగు మరలూ నా అరచేతిలో పోసి పోయాడు.

మూడు నెలలు.
కత్తిపీట పక్కింటి పర్వీన్ దగ్గర.
మాత్రలు నా కొంగు ముడిలో.
వారాసిగూడలో నల్లా వచ్చే వేళకి లేచి
ముందు దాని ఊపిరి విని
తర్వాతే బిందె పెట్టేదాన్ని.

ఎర్రగడ్డ మెట్రో దిగుతూ
ఎవరన్నా చూస్తారని చున్నీ ముఖానికి కప్పుకునేది.
చూడనీ బిడ్డా, అనేదాన్ని.
అదే కొంగు నేనూ కప్పుకునేదాన్ని.

నిన్న స్నానం చేస్తూ పాడింది, శ్రుతి తప్పి.
తలుపు బయట నేను
చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ.
పాట ఆగింది.
నా చేయీ ఆగింది.
"అమ్మా, సబ్బు అయిపోయింది."

ఇవాళ అడిగింది: గడియ పెట్టించవా?
మరలు పోపులడబ్బాలోనే ఉన్నాయి, ఆవాల కింద.
వెతుకుతున్నట్టు నటిస్తున్నా
ఇంకొక్క గడియ.