లోడు మీటరు

కృష్ణపట్నం పోర్టులో బొగ్గు ఎత్తే చేతులివి.
మూడు రోజుల పనికి నెల్లూరు పిలిపించారు.
స్టేడియంలో నాటకమంట,
నదిని దించాలంట, పైనుంచి.

నాటకానికి క్రేనెందుకు సామీ అన్నా.
తేజ అనే కుర్రోడు, మెళ్ళో మూడు కార్డులు,
ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.
పదహారు వేల కుర్చీలు,
నాట్యమాడే పిల్లలు నాలుగు వందల మంది,
నీలం పొగ, తాటిచెట్టంత తెర,
నడిమధ్యన ఎర్రచుక్క.
ఆ చుక్కే పెన్న.

చుక్క పేరు ఉదయగిరి వజ్రమ్మ.
అరవై మూడేళ్ళు.
పెట్రోమాక్సు లైట్ల కింద, కిర్రుమనే బల్లల మీద
తెల్లారేదాకా నిలబడిన గొంతు.
ఆమె రాగం తీస్తే వింజమూరు తిరనాళ్ళలో
వన్స్ మోర్ అని జనం లేచేవాళ్ళంట,
మళ్ళీ పాడిందాకా
తర్వాతి వేషాన్ని తెర దాటనిచ్చేవాళ్ళు కాదంట.
ఇదంతా ఆమె చెప్పలా,
నడుముకు బెల్టు బిగించే పిల్లోడు చెప్పాడు.
ఆమె అడిగింది ఒకటే:
"అబ్బయ్యా, పద్యం మధ్యలో కుదుపు రాదు గదా?"

రాదమ్మా అన్నా.
గాజు పలకలు దించినోణ్ణి,
గాలిమర రెక్కలు దించినోణ్ణి.
కానీ రిహార్సల్లో చూస్తే
లోడు మీటరు సున్నా మీంచి కదల్లా.
యాభై టన్నుల మిషనుకు
ఆమె వేలాడతా ఉండే సంగతే తెలీదు.
తాడును చూసి, చేత్తో అంచనా కట్టి
దించుకున్నా.

పక్క వాయిద్యాలన్నీ ముందే హైదరాబాదులో పట్టేశారు.
హార్మోనీ కూడా.
నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లకు
పెన్న నేలను తాకాల,
తాకంగానే బాణాసంచా.

శనివారం రాత్రి.
మస్తాన్, స్టాండ్‌బై. మస్తాన్, గో.
పొగలోకి దిగతా ఆమె ఎత్తుకుంది:
ఇసక కింద నడిచే నీళ్ళకు
ఊర్ల పేర్లన్నీ తెలుసునని.
స్పీకర్లో అన్న మాట
ఎదర గ్యాలరీకి తగిలి వెనక్కొచ్చేలోపు
ఆమె ఇంకో మాట మీదుంది.
తన గొంతే తనను తరుముతా ఉంటే
తడబడకుండా సోమశిల దాటింది, సంగం దాటింది.

ఇంకా నలభై అడుగులు ఉందనంగా
ఎడం పక్క గ్యాలరీలో
కోవూరో ఇందుకూరుపేటో, ఒక ముసలాయన
తువ్వాలు తిప్పతా లేచాడు.
వన్స్ మోర్!
పక్కన నలుగురు. ఎనక వరసంతా.

తేజకు అర్థం కాలా.
"ఏంటా అరుపులు? ఏమన్నా కాలిందా?
మస్తాన్, దించు. మైకు కట్. లైట్లు గుర్రాల మీదకి."

పెన్న చీకట్లో మిగిలింది.
లివరు మీద నా చెయ్యి ఉంది.
దించలా.

ప్రమాదానికి పనికొస్తదని
ఆమె బెల్టులో చిన్న రేడియో పెట్టుండారు,
నా కేబిన్‌కు మాత్రం వినపడేది.
దాంట్లో గొంతు సవరించుకున్న చప్పుడు.
తర్వాత పద్యం, మొదట్నించీ.
హార్మోనీ లేదు, సెకన్లు లేవు,
ఆమె ఊపిరి ఎంతో అంత పొడుగు.
కింద గుర్రాలు తిరిగాయి,
పిల్లలు వేరే పాటకు ఎగిరారు,
పెన్న రాకముందే బాణాసంచా పేలింది,
జనం చప్పట్లు కొట్టారు.
అడిగిన ముసలోళ్ళు
ఇంక పాడదులే అని కూర్చున్నారు.
పాడతా ఉందయ్యా అని
వాళ్ళకెట్టా చెప్పేది, ఈ అద్దాల్లోంచి?

ఆఖర్న ఒక ఊపిరి తీసి
"దించు అబ్బయ్యా" అంది.

కూలీలో రెండు వేలు పట్టుకున్నారు.
పట్టుకోనీ.

వ్యాను బుచ్చి రోడ్డెక్కబోతా ఆగింది.
అద్దం దించి, ముఖాన ఇంకా నీలం రంగుతో
మెల్లగా అడిగింది:
"రెండోసారి గాంధారం సరిగ్గా పడలా,
గమనించావా?"

నాకేం తెలుసు గాంధారం.
అయినా తల ఊపా,
తెలిసినోడి మాదిరి.