ఎవరి మూర

దిబ్బా అని ఊరుందిక్కడ.
మన దిబ్బ కాదు.
వెనక కొండలు, ముందు సముద్రం,
చేపల మార్కెట్ దాటాక నాలుగో షట్టర్
మైలపిల్లి వరాహాలు సిలిండర్లు నింపే చోటు.
కంప్రెసర్ మోతలో అతని మాట
సగమే వినబడుతుంది.
ఆ సగం చాలు.

గోడకి మేకులు, మేకులకి గొట్టాలు.
నల్లవి, పసుపువి, జడలా అల్లిన నీలంది ఒకటి.
ఏడడుగులది దించి మెడచుట్టూ తిప్పుకుని
అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉన్నాను.
"గుహల్లోకి పోతావేటి?"
లేదన్నాను.
"మరెందుకది? ఇరుకులో ఒకడెనకాల ఒకడు దూరీవోళ్లకది.
పక్కపక్కన ఈదుకొచ్చీవోళ్లకి..."
మిగిలింది కంప్రెసర్ తినేసింది.

టేపుంది గాని వాడడు.
మోచేతి నుంచి నడిమివేలి దాకా
గొట్టాన్ని ఆనించి కొలిచాడు:
ఒక మూర, రెండు మూరలు, ఇంకో నాలుగు వేళ్లు.
కరామాలో మల్లెలమ్మే ఆవిడా ఇంతే,
మూర పది దిర్హాములు, చెయ్యి మాత్రం పొట్టి.
"ఎవరి మూర?" అన్నాను సరదాగా.
అతను నవ్వలేదు.
"అదే అడగాల.
నీ సెయ్యి కాదు.
నీ గాలి తాగీవోడి మూతి ఎంత దూరంలో ఉంటాదో
అది కొలుసుకో."

కిందటి శనివారం ఆ మూతి నాదే.
రాతి పక్కన పన్నెండు మీటర్ల లోతులో
తాబేలు వెనక పడి
ముల్లు చూసుకోవడం మరిచాను.
పీలిస్తే గొట్టం గట్టిపడింది,
ఎండిన బోరు పంపులాగా.
నా పసుపుది ఇసకలో ఈడ్చుకొస్తోంది.
దానికీ అదే సిలిండరు, అదే ఖాళీ.
చెయ్యి గొంతుకి అడ్డంగా ఊపాను.

వరాహాలు వెతుక్కోలేదు.
తన నోట్లోది తీసి నా నోటికిచ్చాడు.
చంక కిందనుంచి వచ్చిన గొట్టం
లాగకుండా, మెలిపడకుండా అందింది.
గడ్డం కింద రబ్బరు తాడుకి
తాళిబొట్టులా వేలాడే రెండోదాన్ని
తల వంచి పెదవులతోనే అందుకున్నాడు.
మూరా పిడికెడు, అంతే దాని గొట్టం.
తనకోసం ఉంచుకున్నది పొట్టిది.

నోటికాడి కూడు లాక్కోవడం విన్నాను.
నోటికాడి గాలి ఇవ్వడం
అప్పుడే చూశాను.

మా ఇంట్లో గ్లాసుకి పెదవి తగలనివ్వరు.
పనికొచ్చినవాళ్లకి దోసిట్లోకి
ఎత్తి పోసేవాళ్లం, నేనూ పోశాను.
వరాహాలు ఊళ్లో ఎవరు ఎంత ఎత్తునుంచి పోసేవారో
పైకొచ్చాక పడవలో అడగాలనిపించింది.
అడగలేదు.
అతను ఉడికించిన సెనగలు తింటూ
నాకో గుప్పెడు పెట్టాడు.

చివరికి ఏడడుగులది మేకుకే తగిలించాను.
రెండు మూరల నాలుగు వేళ్లది,
నోటి దగ్గర తిరిగే మడతముక్క ఒకటి,
మెడకి ఒక రబ్బరు తాడు.
స్పానరు తిప్పి, సబ్బునురుగు రాసి
బుడగ రావడం లేదని రెండుసార్లు చూశాడు.
గొట్టానికి డబ్బు తీసుకున్నాడు, బిగించినందుకు వద్దన్నాడు.

రాత్రి షార్జా రూములో అలవాటు చేసుకుంటున్నాను.
నోట్లోది తియ్యాలి, ముందుకి చాపాలి,
గడ్డం కిందది అందుకోవాలి.
కింది మంచం మీది జక్కుల నరసింగాన్ని
కాసేపు మునిగిపోతున్నవాడిగా ఉండమన్నాను.
ముఖం దాకా వచ్చినదాన్ని చూసి
"కడిగి ఇయ్యరాదే" అన్నాడు.

కడిగే ఇస్తాను లేరా,
సముద్రమంతా పోసి.