అందింపు

కోడుమూరు తిర్నాలలో రాత్రి రెండు దాటినాక
మా నాయన కంబగిరి
కన్నబిడ్డకు మరణశిక్ష వేస్తాడు.

నేను తెర వెనక డబ్బా మీద కూచొని
టార్చిలైటు చంకలో ఇరికించుకొని
నోటుబుక్కు తిప్పుతుంటాను.
ఆదోని నుంచి తెచ్చిన అద్దె కిరీటం కింద
ఆయనకు జ్ఞాపకం పలచబడి మూడేండ్లు.
రాగం నిలిచింది, మాటలే జారిపోయినాయి.

"నా మాట మీరినది నా రక్తమే కాదు"
ముందు నేను గొణుగుతాను
వెనకనే ఆయన గర్జిస్తాడు.
ముందు వరసలో ఈలలు.

ఇంట్లో ఆయనకు ఎవరూ అందించే పని లేదు.
పప్పులో ఉప్పెంతో
నా ఇంటర్ హాల్‌టికెట్టు ఏ పెట్టె అడుగున పెట్టినాడో
అమ్మ తన పుట్టింటి చావుకు ఎన్ని పూటలు పోవచ్చునో
ఒక్క ముక్కా మరవడు.
ఆడపిల్ల గొంతు తెర దాటకూడదన్న మాట
మా నోటుబుక్కులో యాడా లేదు.
వెతికినాను.

నిన్న రాత్రి ఆ పంక్తి కాడికి వచ్చి
పేజీ మూసేసినాను.

ఖాసిం సాబు హార్మోనియం మీద
ఒకే మెట్టు నొక్కిపెట్టి కూచున్నాడు.
బళ్లారి నుంచి వచ్చిన కూతురి వేషం
తల వంచి, చావు కోసం కాచుకొని,
చేయి అడ్డం పెట్టుకొని ఆవులించింది.

నాయన తెర పక్కకు తిరిగినాడు.
చెమటకు జిగురు వదిలి
మీసం ఒక కొస వేలాడుతోంది.
"ఏమ్మే... తర్వాత ఏంది?"

నాకు బుద్ధెరిగినాక
ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న.

ఖాసిం సాబు ఇంకా మెట్టు వదల్లేదు.