ఎనక్కి తిప్పు

చండూరు నుంచి సైకిలెనక కట్టి
వీసీఆర్ తెచ్చిండు జంగయ్య చిన్నాయిన.
అట్ట మీద భక్తి సినిమా,
లోపల ఇటలీ దయ్యం.

కోట, కొవ్వొత్తి, ఎవరికీ తెల్వని భాష,
టేపు నలిగినకాడ తెల్లగీతల వాన.
పిల్లలం గోనెసంచుల్ల తలలు దాసినం.

పెట్టె మూత జరిగింది.
వందేండ్ల కింద సచ్చిన దొరసాని
కట్టె లెక్క నిటారుగ
లేసి నిలవడ్డది.

బోరునీళ్లు ముద్ద జేసిన ఈదమ్మత్త
మోకాళ్ల మీద గదువ ఆనించి
నవ్విందో, దగ్గిందో:

"మన మర్రిగూడ నీళ్లు తాగలేదు పిల్ల.
సచ్చి గూడ ఎంత సాపుగ లేసింది!
ఒక్కపారి ఎనక్కి తిప్పు, జంగా."

తిప్పిండు.
దొరసాని పండుకున్నది, లేసింది.
మళ్ల. మళ్ల.
మాకు మూడోపారికే భయం పోయింది.
పదేండ్ల సంది ఎల్లెంకల పండుకోని మనిషి
రెప్ప గొట్టలే.

పొద్దుగాల మిషిన్ వాపసియ్యాలె.